బహుమాధ్యమ ప్రాజెక్టుల నిర్వహణ, మానవవనరుల సమన్వయం: కృష్ణా డెల్టా ఉదాహరణలు

వ్యాససంగ్రహం:

అక్షరం, ధ్వని, నిశ్చలచిత్రం, చలనచిత్రం, గ్రాఫిక్స్ ఒకే రచనలో కలిసినప్పుడు దానిని బహుమాధ్యమ రచన అంటారు. ఆన్‌లైన్ పాఠాలు, కళారూపాల డిజిటల్ నమోదు విస్తరిస్తున్న కొద్దీ తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు ఇటువంటి ప్రాజెక్టులకు బాధ్యత వహించవలసి వస్తున్నది. ఈ బాధ్యతలో యంత్రపరిజ్ఞానం కంటె మనుషుల మధ్య పని చేతులు మారే తీరే కీలకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కూచిపూడి సూత్రధారుడు, విజయవాడ ఆకాశవాణి స్టూడియో, ‘మాయాబజార్’ చలనచిత్రం అనే మూడు ఉదాహరణల ఆధారంగా నిర్వహణ సూత్రాలను వివరించి, భామాకలాపం డిజిటల్ పాఠం అనే నమూనాకు వాటిని అన్వయిస్తుంది.

కీలకపదాలు: బహుమాధ్యమం, ప్రాజెక్టు నిర్వహణ, సూత్రధారుడు, కూచిపూడి, ఆకాశవాణి, మాయాబజార్, ప్రదర్శకుల హక్కులు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

భారతప్రభుత్వం 2017 జులై 9న ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. ఇందులోని ప్రతి కోర్సుకు నాలుగు అంగాలు ఉండాలి. అవి వీడియో పాఠం, చదువుకొనే పాఠ్యసామగ్రి, చర్చావేదిక, మూల్యాంకనం. అంతకుముందే వచ్చిన ‘ఇ-పీజీ పాఠశాల’లోనూ పాఠ్యరచయిత, సమీక్షకుడు, పత్ర సమన్వయకర్త, ప్రధాన పరిశోధకుడు అనే బాధ్యతలను వేరువేరుగా నిర్దేశించారు. తరగతిగదిలో ఒంటరిగా పాఠం చెప్పడానికి అలవాటుపడిన అధ్యాపకునికి ఈ విధానం కొత్తది. తరగతిలో విషయం, వాక్కు, సమయం మూడూ ఆయన అధీనంలోనే ఉంటాయి. బహుమాధ్యమ పాఠంలో ఆయన రాసిన వాక్యాన్ని మరొకరు చదువుతారు, ఇంకొకరు దృశ్యంగా మారుస్తారు, వేరొకరు కత్తిరిస్తారు.

కృష్ణా డెల్టా ప్రాంతంలో ఈ అంశానికి అదనపు ప్రాధాన్యం ఉంది. కూచిపూడి యక్షగానం, పెడన కలంకారీ, కొండపల్లి బొమ్మలు వంటివి చేతిలోను, గొంతులోను, అడుగులోను నిలిచి ఉన్న విద్యలు. వీటిని నమోదు చేసేటప్పుడు జరిగే పొరపాటు అచ్చుతప్పు వంటిది కాదు. తప్పుగా చిత్రించిన ప్రదర్శనను సరిదిద్దడానికి మళ్ళీ వెళ్ళేనాటికి ఆ విద్వాంసుడు ఉండకపోవచ్చు. అందువల్ల ప్రాజెక్టు నిర్వహణను కేవలం పరిపాలనా విషయంగా గాక పరిశోధనపద్ధతిలో భాగంగా చూడవలసి ఉంది.

2. బహుమాధ్యమ ప్రాజెక్టు – స్వరూపం:

నిర్ణీతమైన లక్ష్యం, ఆరంభం, ముగింపు, పరిమిత వ్యయం ఉన్న తాత్కాలిక కార్యాన్ని ప్రాజెక్టు అంటారు. ఈ లక్షణాలు గ్రంథముద్రణకూ, వంతెన నిర్మాణానికీ వర్తిస్తాయి. బహుమాధ్యమ ప్రాజెక్టును వాటినుండి వేరుచేసే విశేషాలు మూడు.

మొదటిది, భిన్నవిద్యల కలయిక. రచయిత పేజీలలో లెక్కిస్తాడు, సంగీతకారుడు ఆవర్తాలలో లెక్కిస్తాడు, ఛాయాగ్రాహకుడు షాట్లలో, ఎడిటరు సెకన్లలో లెక్కిస్తారు. ఒకే వస్తువును నాలుగు కొలతలతో చూసేవారి మధ్య ఉమ్మడి భాష ఉండదు. దానిని నిర్మించడమే నిర్వాహకుని తొలి కర్తవ్యం.

రెండవది, మార్పుకయ్యే వ్యయం. లిఖితప్రతిలో ఒక వాక్యం మార్చడానికి నిమిషం చాలు. వ్యాఖ్యానం రికార్డయిన తరువాత అదే వాక్యాన్ని మార్చాలంటే గాత్రధారిని తిరిగి పిలవాలి. ఎడిటింగు పూర్తయిన తరువాతనైతే దృశ్యాల నిడివి, నేపథ్యసంగీతం, ఉపశీర్షికలు అన్నీ కదులుతాయి. పని ముందుకు సాగిన కొద్దీ ఒకే తప్పు ధర పెరుగుతూ పోతుంది.

మూడవది, మూలవిద్య కలిగినవారు సాధారణంగా నిర్ణయాలు జరిగే చోట ఉండరు. నాట్యాచార్యుడు చిత్రీకరణరోజున మాత్రమే కనబడతాడు. ఆయన విద్యకు రూపమిచ్చే నిర్ణయాలు అంతకుముందు ప్రణాళికాసమావేశంలోను, ఆ తరువాత ఎడిటింగు గదిలోను జరుగుతాయి. సమస్యలలో అధికభాగం ఈ ఎడం నుండే పుడతాయి.

3. డెల్టా ప్రాంతంలో పూర్వరూపాలు:

బహుమాధ్యమమనే పేరు కొత్తదే అయినా, పలువిద్యలవారిని ఒక్కతాటిపై నడిపిన అనుభవం తెలుగువారికి కొత్త కాదు. కృష్ణానదికి ఇరువైపులా ఉన్న ప్రాంతం నుండి మూడు ఉదాహరణలను ఇక్కడ పరిశీలించవచ్చు.

3.1 కూచిపూడి సూత్రధారుడు:

కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి గ్రామం పేరుతోనే ప్రసిద్ధమైన నాట్యసంప్రదాయంలో గానం, వాద్యం, అభినయం, సంభాషణ, ఆహార్యం కలిసి ఉంటాయి. వీటిని కలిపి నడిపేవాడు సూత్రధారుడు. ఆయన తాళం వేస్తాడు, జతులు పలుకుతాడు, పాత్రలను పరిచయం చేస్తాడు, కథాసంధులను ప్రేక్షకులకు విప్పిచెబుతాడు. సిద్ధేంద్రయోగి పేరుతో ముడిపడిన భామాకలాపంలో సత్యభామతో సంభాషించే మాధవి పాత్రను కూడా ఆయనే నిర్వహిస్తాడు.

నిర్వహణ దృష్టితో చూస్తే ఇందులో రెండు విషయాలు గమనార్హం. సూత్రధారుడు తెరవెనుక ఉండి ఆజ్ఞలిచ్చే అధికారి కాడు, రంగంపై అందరికీ కనబడుతూ పనిలో పాల్గొనేవాడు. అలాగే మృదంగం వాయించేవాని పనిని ఆయన తాను చేయడు. కానీ ఆ పని ఎప్పుడు, ఎంతసేపు, దేనికోసం జరగాలో ఆయనకు తెలుసు. ప్రతి విద్యలోనూ నిపుణుడు కాకపోయినా ప్రతి విద్య అవసరాన్నీ గుర్తించగలగడమే బహుమాధ్యమ నిర్వాహకునికి కావలసిన అర్హత.

3.2 విజయవాడ ఆకాశవాణి:

విజయవాడ రేడియోకేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, నండూరి సుబ్బారావు, ఉషశ్రీ వంటివారు ఆ కేంద్రంతో అనుబంధం ఉన్నవారు. ‘భక్తిరంజని’, సంగీతరూపకాలు, నాటకాలు, ఉషశ్రీ పురాణప్రవచనాలు శ్రోతల మనస్సులలో నిలిచిపోయాయి. ఈ కీర్తి కళాకారులదే అయినా, దానిని ప్రతిరోజూ నిర్ణీత సమయానికి శ్రోతలకు చేర్చినది ఒక పనివిధానం.

రేడియో నాటకం తయారీలో రచయిత, ప్రయోక్త, నటులు, నిలయవిద్వాంసులు, ఇంజనీరు, అనౌన్సరు పాల్గొంటారు. స్టూడియోకూ కంట్రోలు గదికీ మధ్య అద్దం ఉంటుంది. రికార్డింగు జరుగుతున్నప్పుడు మాట్లాడే వీలు లేదు కనుక ప్రయోక్త చేతిసైగలతో సూచనలిస్తాడు. ఆ సైగలు పనిచేయాలంటే ఏ వాక్యం తరువాత ఏ ధ్వని రావాలో స్క్రిప్టులో ముందే గుర్తించి ఉండాలి. ప్రసారసమయంలో డ్యూటీ ఆఫీసరు కార్యక్రమాలను వింటూ లోపాలను నమోదు చేస్తాడు. పని జరిగేటప్పుడు వాదానికి తావు లేకుండా, దానికి ముందు స్క్రిప్టు, తరువాత లోపాల నమోదు ఉండడం ఈ విధానంలోని బలం. నేటి ప్రాజెక్టులలో చాలావరకు చర్చ చిత్రీకరణస్థలంలో జరుగుతుంది, నమోదు మాత్రం ఎక్కడా జరగదు.

3.3 మాయాబజార్:

విజయా ప్రొడక్షన్స్ నిర్మించగా కె.వి.రెడ్డి దర్శకత్వంలో ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. నిర్మాణం జరిగినది మద్రాసులోనే అయినా, అందులో పాల్గొన్నవారిలో పలువురు కృష్ణానదికి ఇరువైపులవారే. నందమూరి తారకరామారావు నిమ్మకూరులో, అక్కినేని నాగేశ్వరరావు రామాపురంలో, ఘంటసాల చౌటపల్లిలో, ఎస్.వి.రంగారావు నూజివీడులో జన్మించారు. నిర్మాతలలో ఒకరైన చక్రపాణిది తెనాలి.

ఈ చిత్రనిర్మాణం నిర్వహణకు రెండు పాఠాలు అందిస్తుంది. చిత్రీకరణకు ముందే సన్నివేశాల నిడివిని స్టాప్‌వాచితో కొలిచి నిర్ణయించుకోవడం కె.వి.రెడ్డి పద్ధతిగా ప్రసిద్ధి. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు ఒకదానితో ఒకటి ఇమడడానికి ఈ ముందస్తు నిర్ణయాలు ఆధారమయ్యాయి. మాయలు, మంత్రాలు నిండిన చిత్రంలో నటుడు నిలబడే చోటు, కెమెరా ఆగే చోటు ముందే తెలియకపోతే దృశ్యం కుదరదు.

రెండవ పాఠం సంగీతానికి సంబంధించినది. సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు బాణీలు కట్టిన తరువాత చిత్రం నుండి తప్పుకున్నారు. ఆ పాటలకు వాద్యసమ్మేళనం కూర్చి, మిగిలిన పాటలకు బాణీలు కట్టినవారు ఘంటసాల. ముఖ్యమైన వ్యక్తి మధ్యలో వైదొలగినా ప్రేక్షకునికి ఆ అతుకు కనబడలేదు. సాహిత్యం, సన్నివేశం, నిడివి స్థిరంగా ఉన్నచోట కొత్తగా వచ్చినవారు పనిని అందుకోగలరనడానికి ఇది నిదర్శనం.

ఇదే చిత్రాన్ని హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ డిజిటల్ పద్ధతిలో రంగులలోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసింది. ఏకమార్గ ధ్వనిని కూడా బహుమార్గ ధ్వనిగా రూపొందించారు. ఒక తరం చేసిన పని మరొక తరానికి ముడిసరుకు కాగలదని దీనివలన స్పష్టమవుతుంది. ప్రాజెక్టు ముగిసిందంటే మూలప్రతుల బాధ్యత ముగిసినట్లు కాదు.

4. ప్రాజెక్టులో పాల్గొనేవారు – బాధ్యతలు:

పై ఉదాహరణల ఆధారంగా నేటి విద్యావిషయక బహుమాధ్యమ ప్రాజెక్టులో పాల్గొనేవారిని ఐదు వర్గాలుగా విభజించవచ్చు.

4.1 పోషకులు: నిధులిచ్చే సంస్థ లేదా విశ్వవిద్యాలయం. లక్ష్యాన్ని, గడువును నిర్ణయించేది వీరే.

4.2 విద్యామూలాలు: కళాకారులు, వృత్తినిపుణులు, వక్తలు. వీరిని ‘సమాచారదాతలు’ అని మాత్రమే భావించడం పరిశోధనలో పాతుకుపోయిన అలవాటు. వీరికి నిర్ణయాలలో పాలు ఉండాలి.

4.3 విషయనిపుణులు: అధ్యాపకులు, పరిశోధకులు. స్క్రిప్టు ప్రామాణికతకు వీరు బాధ్యులు.

4.4 మాధ్యమనిపుణులు: ఛాయాగ్రాహకుడు, ధ్వనిగ్రాహకుడు, ఎడిటరు, గ్రాఫిక్స్ కళాకారుడు, డి.టి.పి. ఆపరేటరు, వెబ్ నిపుణుడు.

4.5 నిర్వాహకుడు: పై నలుగురి మధ్య ఒప్పందాలను, కాలపట్టికను, వ్యయాన్ని చూసే సూత్రధారుడు.

చిన్న కళాశాలలో చివరి మూడు బాధ్యతలూ ఒకే అధ్యాపకునిపై పడవచ్చు. వ్యక్తి ఒకరే అయినా బాధ్యతలను కాగితంపై వేరుగా రాసుకోవడం అవసరం. అప్పుడే స్క్రిప్టు రాసినవారే దానిని సమీక్షించుకొనే దోషం బయటపడుతుంది.

5. నమూనా – భామాకలాపం డిజిటల్ పాఠం:

విజయవాడలోని ఒక కళాశాల తెలుగుశాఖ భామాకలాపంలోని ప్రవేశదరువుపై అరగంట బహుమాధ్యమ పాఠాన్ని రూపొందించదలచిందని భావిద్దాం. ప్రవేశదరువులో సత్యభామ తెరవెనుక నిలిచి, తన జడను తెరపైకి వేసి ప్రదర్శించడం సంప్రదాయం. ఆ జడ కేవలం అలంకారం కాదు, పాత్రధారి విద్యాగర్వానికి, సవాలుకు చిహ్నం.

ఈ విషయం తెలియని ఛాయాగ్రాహకుడు తెర తొలగి ముఖం కనబడేదాకా వేచి ఉండి కెమెరాను నడిపిస్తాడు. సంప్రదాయం తెలియని ఎడిటరు జడ కనబడే భాగాన్ని ‘ఖాళీ సమయం’గా భావించి కత్తిరిస్తాడు. ముఖాన్ని దగ్గరగా చూపాలన్న సినిమా అలవాటుతో పాదాలు చట్రం బయటకు పోతాయి. జతి వినబడుతుంది కాని అడుగు కనబడదు. ఇందులో ఎవరి నైపుణ్యానికీ లోపం లేదు. ఒకరికి తెలిసినది మరొకరికి చేరలేదు, అంతే.

దీనికి పరిష్కారం దశల విభజనలో ఉంది.

5.1 ప్రణాళిక: పాఠం ఎవరికోసం, ఎంత నిడివి, ఏ రూపం అనే మూడు ప్రశ్నలకు ఒక పుటలో సమాధానం రాయాలి.

5.2 స్క్రిప్టు, స్టోరీబోర్డు: ఎడమవైపు దృశ్యం, కుడివైపు ధ్వని ఉండేలా రెండు నిలువువరుసల స్క్రిప్టు తయారుచేయాలి. నాట్యాచార్యునితో కూర్చొని ప్రతి దరువుకు ‘తప్పక కనబడవలసినవి’ గుర్తించాలి. పై ఉదాహరణలో జడ, పాదాలు, సూత్రధారుని తాళం ఈ జాబితాలో చేరతాయి. ఈ దశలో ఆచార్యుని ఆమోదం సంతకరూపంలో ఉండాలి.

5.3 చిత్రీకరణ: ఒక కెమెరా పాదాలతో సహా పూర్తిరూపాన్ని ఆపకుండా చిత్రించాలి. రెండవ కెమెరాకు అభినయాన్ని అప్పగించవచ్చు. మొదటిది పరిశోధనకు, రెండవది పాఠానికి ఉపకరిస్తాయి.

5.4 కూర్పు: తొలి కూర్పును రంగులు, శీర్షికలు చేర్చకముందే ఆచార్యునికి, సమీక్షకునికి చూపాలి. అందంగా తీర్చిదిద్దిన తరువాత చూపితే లోపాలు చెప్పడానికి వారు మొహమాటపడతారు, మార్చడానికి బృందం వెనుకాడుతుంది.

5.5 పరీక్ష, విడుదల: కొద్దిమంది విద్యార్థులకు చూపి, వారికి అర్థం కాని చోట్లను నమోదు చేసి సవరించాలి.

6. అక్షరం చేతులు మారేచోట – లిపి సమస్య:

తెలుగు ప్రాజెక్టులకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ముద్రణారంగంలో అను వంటి యూనికోడేతర ఫాంట్ల వాడకం విస్తృతం. వాటిలో తెలుగు అక్షరంగా కనబడేది కంప్యూటరుకు తెలుగు అక్షరం కాదు, వేరే సంకేతాలపై తొడిగిన బొమ్మ. ఆ పాఠాన్ని యథాతథంగా వీడియో ఉపశీర్షికలకో వెబ్ పుటకో తరలిస్తే చదవరాని గుర్తులుగా మారుతుంది. మార్పిడి ఉపకరణాలు వాడినా వత్తులు, సంయుక్తాక్షరాల వద్ద దోషాలు మిగులుతాయి. దరువుల సాహిత్యంలో ఒక వత్తు పోతే అర్థమే మారవచ్చు.

కావున స్క్రిప్టును మొదటినుండి యూనికోడ్‌లోనే టైపు చేయించాలనే నియమాన్ని తొలి సమావేశంలోనే నిర్ణయించాలి. మార్పిడి అనివార్యమైతే, ఆ తరువాత ప్రూఫు దిద్దడానికి కాలపట్టికలో ప్రత్యేకంగా రోజులు కేటాయించాలి.

7. కాలం, వ్యయం, మనుషుల సంఖ్య:

గడువు దగ్గరపడినప్పుడు మరికొందరిని చేర్చుకోవడం సహజంగా తోచే ఉపాయం. ఆలస్యమైన ప్రాజెక్టుకు కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ గ్రంథంలో ప్రతిపాదించారు. ఆయన చర్చించినది సాఫ్ట్‌వేర్ నిర్మాణం గురించే అయినా, కారణం ఇక్కడికీ వర్తిస్తుంది. నలుగురు సభ్యుల బృందంలో ఇద్దరిద్దరి మధ్య సంబంధాలు 6. పదిమంది ఉంటే 45. కొత్తవారికి పని నేర్పవలసినవారు ఇప్పటికే పనిభారంతో ఉన్నవారే. గడువు మించుతున్నప్పుడు మనుషులను పెంచడం కంటె పాఠం పరిధిని తగ్గించడం మేలైన మార్గం.

కాలపట్టికకు స్థానిక జీవనలయ కూడా ఆధారం కావాలి. దసరా నవరాత్రులలో కళాకారులకు ప్రదర్శనలు ఉంటాయి, ఇంద్రకీలాద్రి పరిసరాలు భక్తులతో కిక్కిరిసి ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలలు తీరప్రాంతానికి తుఫానుల కాలం. ఆరుబయట చిత్రీకరణను ఆ రోజులలో పెట్టుకొని, ఆ తరువాత ప్రకృతిని నిందించడం నిర్వహణ కాదు.

8. హక్కులు, భద్రత:

8.1 ప్రదర్శకుల హక్కులు: భారత కాపీరైటు చట్టం 1957లో వచ్చింది. ప్రదర్శకుల హక్కులకు 1994 సవరణ బలమైన పునాది వేయగా, 1999 సవరణ వాటి కాలపరిమితిని 50 సంవత్సరాలకు పెంచింది. ప్రదర్శకునిగా తన పేరు గుర్తింపబడేందుకు, తన ప్రదర్శనను ప్రతిష్ఠకు భంగకరంగా వక్రీకరిస్తే అడ్డుకొనేందుకు గల నైతికహక్కులను 2012 సవరణ గుర్తించింది. కనుక చిత్రీకరణకు ముందే తెలుగులో రాసిన అంగీకారపత్రం ఉండాలి. ఎక్కడ ప్రదర్శిస్తారు, ఆదాయం వస్తే పాలు ఎంత, భాగాలను వేరే పనులకు వాడవచ్చునా అనే అంశాలు అందులో స్పష్టం కావాలి. ‘మనవాళ్ళే కదా’ అనే చనువు ఒప్పందానికి ప్రత్యామ్నాయం కాదు.

8.2 ప్రతుల భద్రత: సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో చిత్రించిన వీడియో గంటకు 22.5 గిగాబైట్ల స్థలం తీసుకుంటుంది. రెండు కెమెరాలతో పదేసి గంటలు చిత్రిస్తే 450 గిగాబైట్లు. మూడు ప్రతులు భద్రపరచాలంటే 1,350 గిగాబైట్లు కావాలి. ఈ వ్యయాన్ని తొలి అంచనాలోనే చేర్చాలి. మూడు ప్రతులలో ఒకటి తప్పనిసరిగా వేరే ఊరిలో ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరదతో విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఒకే భవనంలోని మూడు బీరువాలలో దాచిన మూడు ప్రతులు ఇటువంటి వేళ ఒక్క ప్రతితో సమానం.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. బహుమాధ్యమ ప్రాజెక్టులో లోపాలు ఎక్కువగా వ్యక్తుల నైపుణ్యలోపం వల్ల గాక, పని ఒకరి నుండి మరొకరికి చేరేచోట విషయం జారిపోవడం వల్ల ఏర్పడుతున్నాయి.

2. రెండు నిలువువరుసల స్క్రిప్టు, ‘తప్పక కనబడవలసినవి’ జాబితా, లోపాల నమోదు అనే మూడు పత్రాలు ఈ జారుడును అరికట్టగలవు.

3. మూలవిద్య కలిగినవారికి స్క్రిప్టు దశలోను, తొలి కూర్పు దశలోను ఆమోదాధికారం ఉండాలి. చిత్రీకరణరోజున చూపే మర్యాద మాత్రమే చాలదు.

4. యూనికోడ్ పాఠం, రాతపూర్వక అంగీకారం, వేరే ఊరిలో ప్రతి అనే మూడు నియమాలకు అయ్యే వ్యయం స్వల్పం. వాటిని విస్మరిస్తే కలిగే నష్టం పూడ్చలేనిది.

5. నిర్వాహకునికి కూచిపూడి సూత్రధారుడు తగిన ఆదర్శం. తాళం ఆయన చేతిలో ఉంటుంది, ఆట మాత్రం పాత్రధారిదే.

కృష్ణా డెల్టాలోని కళలు, వృత్తివిద్యలు డిజిటల్ రూపంలోకి మారుతున్న ఈ దశలో తెలుగుశాఖలు నిర్వహణను తమది కాని పనిగా భావించి వదిలివేస్తే, ఏది కనబడాలి, ఏది కత్తిరింపబడాలి అనే నిర్ణయం ఆ విద్యతో పరిచయం లేనివారి చేతికి పోతుంది. పరిశోధకులు ఈ బాధ్యతను స్వీకరించినప్పుడే తరువాతి తరానికి జడా, అడుగూ రెండూ కనబడతాయి.